చీటీలు తీసే ముందు పోగులు వేయాలె



ఈ గ్రూపులో అందరి పోస్టులు చదవడమే తప్ప నేను రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి. ఇది కంప్యూటర్ ముచ్చటే. కానీ కంప్యూటర్ రానోళ్లకు కూడా తెలవాలని రాస్తున్న. ఎందుకంటే మన పేర్లు లిస్టుల్లోంచి ఎట్ల జారిపోతయో నాకు దీంతోనే అర్థమైంది.

నాది ఆసిఫాబాద్ దిక్కు ఒక కోలాం గూడెం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటోన్ని. బాపు పత్తి, కంది వేస్తడు. ఇంట్లో కోలామీ మాట్లాడుకుంటం, బడిలో తెలుగు నేర్చుకున్న, కాలేజీకి వచ్చినంక ఇంగ్లీషు మీద పడ్డది. ల్యాప్‌టాప్ లేదు. ఫోన్‌లోనే గూగుల్ కొలాబ్ తెరిచి పైథాన్ నేర్చుకున్న. "కోలామోనికి కొలాబ్ దొరికింది" అని మా రూమ్మేట్ ఇప్పటికీ నవ్వుతడు.

పోయిన సెమిస్టర్‌లో మా స్టాటిస్టిక్స్ సార్ ఒక ప్రాజెక్ట్ ఇచ్చిండు. మా టౌన్‌లో ఉన్న ఎస్టీ కాలేజీ హాస్టళ్ల పిల్లలు అందరూ కలిపి 612 మంది. వాళ్ల జాబితా ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంది. పేరు, ఊరు, మండలం, తెగ, కోర్సు, హాస్టల్. అందులోంచి 40 మందిని ఎన్నుకొని, స్కాలర్‌షిప్, పుస్తకాలు, చదువు ఆపేయాలన్న ఆలోచన, వీటి గురించి కూర్చోబెట్టి అడగాలె. రిపోర్ట్ పై ఆఫీసరుకు పోతదని సార్ చెప్పిండు. అందుకే ఎవరిని ఎన్నుకుంటున్నం అనేది మామూలు విషయం కాదు.

నేను ఆ షీట్‌ను పైథాన్‌లోకి తెచ్చిన. పాండాస్ అనే లైబ్రరీలో ఇది ఒక్క లైన్ పని. జాబితా పేరు రాసి, చుక్క పెట్టి, శాంపిల్ అని రాసి, బ్రాకెట్‌లో 40 ఇస్తే చాలు. డబ్బాలో 612 చీటీలు వేసి, కండ్లు మూసుకొని 40 తీసినట్టు. ఎవ్వరి మీదా పక్షపాతం లేదు. ఇంతకంటే న్యాయం ఏముంటది అనుకున్న.

40 పేర్లు వచ్చినయి. పై నుంచి కిందికి చూసుకుంట పోయిన. ఒక్క కోలాం పిల్లగాడు లేడు, పిల్ల లేదు. తోటి వాళ్లు లేరు. అంధ్ వాళ్లు లేరు. మళ్లీ తీసిన. ఈసారి ఒక కోలాం పేరు వచ్చింది, తోటి మళ్లీ రాలేదు. మూడోసారి రెండూ రాలేదు.

మొదట కోపమొచ్చింది. ఇక్కడ కూడా మనల్ని వదిలేసిండ్రా అనిపించింది. కానీ కంప్యూటర్‌కు తెగ తెల్వదు, గూడెం తెల్వదు. మరి ఎందుకిట్లయింది? రాత్రి లెక్క వేసి చూసిన. 612లో కోలాం వాళ్లం 9 మందిమి. 40 చీటీలు తీస్తే మా 9 మందిలో ఒక్కరు కూడా రాకుండ పోయే అవకాశం సుమారు 54 శాతం. తోటి వాళ్లు 3గురే. వాళ్లలో ఒక్కరూ రాకపోయే అవకాశం సుమారు 82 శాతం. అంటే వందసార్లు న్యాయంగా చీటీలు తీస్తే, 82 సార్లు తోటి గొంతు వినపడదు. ఎవ్వరూ మోసం చేయకుండనే!

ఇది నాకు బాగా తగిలింది. మనిషి మోసం చేస్తే కొట్లాడొచ్చు. లెక్కే అట్లుంటే ఎవరితో కొట్లాడాలె?

మరుసటి రోజు సార్‌ను అడిగిన. ఆయన నవ్వి, "మీ ఊర్లో పండుగకు మేకను కోస్తే ఎట్ల పంచుకుంటరు?" అన్నడు. ఇంటికో పోగు వేస్తం అని చెప్పిన. పెద్ద మనిషి ఇల్లని పెద్ద పోగు ఉండదు, చిన్న ఇల్లని మరిచిపోయుడు ఉండదు. ఆకుల మీద పోగులు వేసినంకనే ఎవరి పోగు వాళ్లు తీసుకుంటరు. "గదే చెయ్. ముందు పోగులు వెయ్, తర్వాత ఒక్కో పోగు లోపల చీటీలు తియ్" అన్నడు.

స్టాటిస్టిక్స్‌లో దీన్ని స్ట్రాటిఫైడ్ శాంప్లింగ్ అంటరు. ఇది కొత్త పద్ధతి ఏం కాదు. జెర్జీ నేమన్ అనే పోలండ్ గణిత శాస్త్రవేత్త 1934లో దీని మీద పెద్ద పేపర్ రాసిండు. మన దేశంలో 1950లో మొదలైన నేషనల్ శాంపిల్ సర్వే కూడా ముందు ప్రాంతాలను భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలోంచి ఊర్లను, ఇండ్లను ఎన్నుకుంటది. పరీక్ష కోసం ఇది బట్టీ పట్టి మార్కులు కూడా తెచ్చుకున్న. కానీ ఆ 40 పేర్ల లిస్టులో మనోళ్లు లేరని చూసినంకనే నాకు అది అర్థమైంది.

పాండాస్‌లో పోగులు వేసే మాట గ్రూప్‌బై. తెగ అనే కాలమ్ మీద గ్రూప్‌బై అంటే ఒక్కో తెగకు ఒక్కో పోగు పడతది. ఇంక అయిపోయింది అనుకున్న. కానీ అక్కడి నుంచే నా తప్పులు మొదలైనయి. వరుసగా చెప్తా, మీరు చేయకుండ ఉంటరు.

మొదటి తప్పు. గ్రూప్‌బై తర్వాత హెడ్ అని రాసి 5 ఇచ్చిన. ఒక్కో పోగు నుంచి ఐదుగురు వచ్చినయి. సంబరపడ్డ. తీరా చూస్తే వచ్చినోళ్లంతా దాదాపు ఒకే హాస్టల్ వాళ్లు. ఎందుకంటే హెడ్ చీటీలు తీయదు, పై నుంచి మొదటి ఐదు వరుసలు తీస్తది. మా షీట్‌లో ఒక హాస్టల్ తర్వాత ఒక హాస్టల్ అతికించిండ్రు, బస్టాండ్ పక్కన ఉన్న హాస్టల్ పైన ఉంది. రేషన్ షాపు ముందు పొద్దున్నే వచ్చి నిలబడ్డోళ్లకే దొరికినట్టు, లిస్టులో పైన ఉన్నోళ్లకే అవకాశం దొరికింది. లైన్‌లో ముందున్నోళ్లను తీయడం వేరు, చీటీ తీయడం వేరు.

రెండో తప్పు. హెడ్ తీసేసి శాంపిల్ పెట్టిన, 5 ఇచ్చిన. ఎర్ర అక్షరాలు వచ్చినయి. ఉన్న జనం కంటే ఎక్కువ మందిని తీయలేను అని దాని అర్థం. తోటి పోగులో ముగ్గురే ఉంటే ఐదుగురిని ఎక్కడి నుంచి తెస్తది పాపం! నెట్‌లో చూస్తే రీప్లేస్ అనే దగ్గర ట్రూ అని రాయమని ఉంది. రాస్తే ఎర్ర అక్షరాలు పోయినయి. కానీ అట్ల చేస్తే తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేసి తీస్తది. ముగ్గురి పోగులోంచి ఐదు పేర్లు వచ్చినయి, అందులో ఒకే చెల్లె పేరు మూడుసార్లు. ఒక్క మనిషిని మూడుసార్లు అడిగితే ముగ్గురు మాట్లాడినట్టు కాదు గదా. ఎర్రర్ పోవుడు, పని సక్కగ అవుడు రెండూ ఒకటి కాదని ఆ రోజు తెలిసింది.

దీనికి ఒక సులువు దారి ఉంది. ముందు మొత్తం జాబితాను పేక ముక్కల్లెక్క కలిపేయాలె. శాంపిల్‌లో ఫ్రాక్ దగ్గర 1 అని ఇస్తే 612 వరుసలూ కలిసిపోయి వస్తయి. ఆ తర్వాత గ్రూప్‌బై చేసి హెడ్ 5 తీస్కోవాలె. ఇప్పుడు వరుసే గాలివాటుగా ఉంది కాబట్టి పైన ఉన్న ఐదుగురూ చీటీ తీసినట్టే. పోగులో ముగ్గురే ఉంటే ముగ్గురే వస్తరు, ఎర్రర్ రాదు.

మూడో తప్పు చెప్పడానికి కొంచెం సిగ్గుగ ఉంది. పై పద్ధతిలో తీస్తే కోలాం వాళ్లం 9 మందికి 9 మందిమి వచ్చినం. నా పేరు కూడా వచ్చింది. మస్తు ఖుషీ అయిన, రూమ్మేట్‌కు చూపించిన. వాడు గోండు పిల్లగాడు, నెమ్మదిగ ఉంటడు. ఫోన్ తీసుకొని చూసి, "ఒక్కో పోగుకు ఐదుగురే గదా, మీరు తొమ్మిది మంది ఎట్లొచ్చిండ్రు?" అన్నడు.

చూస్తే మా తెగ పేరే షీట్‌లో నాలుగు రకాలుగా ఉంది. నలుగురికి ఒక స్పెల్లింగ్. ముగ్గురికి మధ్యలో ఒక అక్షరం ఎక్కువ. ఒకరికి స్పెల్లింగ్ సక్కగనే ఉంది కానీ చివర కనపడని ఖాళీ స్పేస్ ఉంది. ఒకరికి కోలావార్ అని ఉంది. మనకు అంతా ఒక్కటే, కంప్యూటర్‌కు నాలుగు తెగలు. నాలుగు పోగులు వేసింది, అన్నిట్లోంచి అందర్నీ తీసింది. తప్పు మన దిక్కు మొగ్గినప్పుడు మన కండ్లకు కనపడదు. అదే మా 9 మంది రాకపోయి ఉంటే పది నిమిషాల్లో పట్టుకునేటోన్ని.

స్పేస్ పోగొట్టడానికి స్ట్రిప్ అనే మాట ఉంది. స్పెల్లింగులు మాత్రం చేత్తోనే ఒక పట్టిక రాసి సరిచేసిన. కానీ అక్కడ ఇంకో ప్రశ్న వచ్చింది. గోండు, రాజ్‌గోండు అని రెండు రాసి ఉంటే ఒక పోగా, రెండు పోగులా? అది కోడ్ చెప్పే ముచ్చట కాదు. ఆ పిల్లలనే అడిగి రాసుకున్నం. ఏ పోగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతదో మనుషులే చెప్పాలె.

ఇప్పుడు అసలు ముచ్చట. అన్నీ సరిచేసినంక పోగుల లెక్క కూడుకుంటే 601 వచ్చింది. జాబితాలో 612 ఉన్నయి. 11 మంది ఏమైనట్టు? ఎర్రర్ ఏం రాలేదు. ఒక్క హెచ్చరిక కూడా లేదు. నేను కూడకపోయి ఉంటే ఎవ్వరికీ తెలిసేది కాదు.

వెతికితే దొరికింది. ఆ 11 మందికి తెగ అనే గడి ఖాళీగా ఉంది. పాండాస్‌లో గ్రూప్‌బై చేసినప్పుడు, ఏ కాలమ్ మీద పోగులు వేస్తున్నమో ఆ గడి ఖాళీగా ఉంటే ఆ వరుసను చప్పుడు లేకుండ పక్కకు పెడతది. దాని అలవాటే అది. పోగులు లెక్కపెట్టే వాల్యూ కౌంట్స్ కూడా అంతే, ఖాళీలను చూపించదు. డ్రాప్‌నా అనే దగ్గర ఫాల్స్ అని మనం రాస్తేనే ఖాళీ వాళ్లకు కూడా ఒక పోగు వేస్తది. మనం అడగాలె, అడిగితేనే చూపిస్తది.

ఆ గడులు ఎందుకు ఖాళీ? హాస్టల్ ఆఫీసులో అడిగితే తెలిసింది, కుల ధ్రువీకరణ పత్రం ఇంకా రానోళ్లకు ఆ గడి నింపలేదట. మనం సర్వే చేస్తున్నదే స్కాలర్‌షిప్ ఎవరికి ఆగుతుంది అని. ఎవరికి ఆగుతుందో వాళ్లే ఆ లెక్కలోంచి పడిపోయిండ్రు!

ఖాళీలకు కూడా పోగు వేసిన. మొత్తం 10 పోగులు. 8 పోగుల నుంచి ఐదుగురు చొప్పున 40, అంధ్ వాళ్లు నలుగురే కాబట్టి 4, తోటి 3. మొత్తం 47. నలభై అన్నది నలభై ఏడు అయితే ఏం కాదని సార్ ఒప్పుకున్నడు.

క్లాస్‌లో ఒక అక్క అడిగింది, "నువ్వు నీ దోస్తులు వచ్చేదాకా తీసి చూపించినవేమో, మేమెట్ల నమ్మాలె?" మంచి ప్రశ్న. దానికే రాండమ్ స్టేట్ అని ఒకటి ఉంటది. అక్కడ ఏదైనా ఒక అంకె ఇస్తే, ఆ అంకెతో ఎవరు ఎన్నిసార్లు నడిపినా అవే పేర్లు వస్తయి. జాబితా వరుస మాత్రం మార్చొద్దు. కానీ ఆ అంకెను పేర్లు చూడకముందే తేల్చుకోవాలె. ఒక్కో అంకె మార్చి చూసుకుంట నచ్చింది ఉంచుకుంటే అది చీటీ కాదు, ఎంపిక. మేము క్లాస్ అందరి ముందు, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం కదా అని 908 అనుకున్నం. ఒక్కసారే నడిపినం. నా పేరు రాలేదు. ఈసారి బాధ అనిపించలేదు, మా కోలాం వాళ్లు ఐదుగురు ఉన్నరు గదా.

పాండాస్ కాకుండ వేరేవి నేర్చుకునేటోళ్లకు రెండు మాటలు. ఆర్‌లో డిప్లయర్ వాడితే గ్రూప్ బై తర్వాత స్లైస్ శాంపిల్ అంటరు. పోగు చిన్నగా ఉంటే అది ఎర్రర్ ఇవ్వదు, ఉన్నంత మందినే తీసి ఊరుకుంటది. కాబట్టి ఎంతమంది వచ్చిండ్రో మీరే లెక్కపెట్టుకోవాలె. ఎస్‌క్యూఎల్‌లో ఉట్టి గ్రూప్ బై రాస్తే పోగుకు ఒక్క వరుసే మిగులుతది, మనుషులు రారు. అక్కడ రో నంబర్ రాసి, పార్టిషన్ బై తెగ, ఆర్డర్ బై రాండమ్ అని ఇచ్చి, నంబర్ 5 లోపు ఉన్నోళ్లను తీసుకోవాలె. ఏ భాషైనా మూడు పనులు మాత్రం మరువొద్దు: పోగుల పేర్లు సరిచేయడం, ఖాళీలు చూడడం, చివరికి మొత్తం కూడి చూడడం.

పోగుకు ఐదుగురిని తీసినం గదా, వాళ్ల జవాబులను ఉట్టిగ కూడి భాగిస్తే తప్పు వస్తది. మా జాబితాలో అన్నింటికంటే పెద్ద పోగులో 238 మంది. అందులోంచి వచ్చిన ఒక్కొక్కరు దాదాపు 48 మంది తరఫున మాట్లాడుతున్నట్టు. తోటి వాళ్లలో ఒక్కొక్కరు తన ఒక్కరి తరఫునే. మా 47 మందిలో స్కాలర్‌షిప్ అప్లికేషన్ ఆగిందన్నోళ్లు 14 మంది. ఉట్టిగ చూస్తే 30 శాతం. ఎవరు ఎంతమంది తరఫునో ఆ బరువు వేసి లెక్క కడితే 11 శాతం చుట్టూ వచ్చింది. 30 అని రాస్తే రిపోర్ట్ గట్టిగ ఉండేది, నాకూ రాయబుద్ధి అయింది. కానీ అది అబద్ధం అయ్యేది. నిజం ఏందంటే మొత్తం మీద సమస్య చిన్నగ కనపడతది, ఖాళీ గడి పోగులో మాత్రం ఐదుగురికి ఐదుగురికీ అప్లికేషన్ ఆగింది. రిపోర్ట్‌లో రెండూ రాసినం. తెగల వారీగా ఇక్కడ రాస్తలేను. ముగ్గురే ఉన్న పోగులో ఎవరేం చెప్పిండ్రో హాస్టల్ అంతా గుర్తుపడతరు. రిపోర్ట్‌లో కూడా చిన్న పోగులను కలిపే రాసినం.

ఆ ఐదుగురిలో ఒక తమ్ముని ముచ్చట చెప్పి ఆపేస్త. ఫస్టియర్. హాస్టల్ మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చున్నం. నేను ప్రశ్నలు మొదలుపెట్టకముందే వాడే అడిగిండు, "అన్నా, నా పేరు ఎట్లొచ్చింది? నా పేరు ఏ లిస్టులో రాదు."

చీటీలో వచ్చిందని చెప్పిన. వాడు నమ్మలేదు. ఎవరో ఫిర్యాదు చేసిండ్రేమో, హాస్టల్ ఖాళీ చేయమంటరేమో అని భయపడ్డడు. చాన సేపటికి మాట్లాడిండు. వాళ్ల నాయన పేరు ఒక కాగితంలో ఒక తీరు, ఇంకో కాగితంలో ఒక తీరు ఉందట. మీసేవలో పెట్టిన అప్లికేషన్ రెండుసార్లు వెనక్కి వచ్చింది. పత్రం లేనిది స్కాలర్‌షిప్ అప్లికేషన్ ముందుకు పోదు. పరీక్ష ఫీజు గడువు దగ్గరికి వచ్చింది. ఊరికి పోయి పత్తి ఏరే పనిలో పడదామనుకుంటున్న అన్నడు. బ్యాగు అప్పటికే సర్ది ఉంది.

నేను రాసుకునేది ఆపేసి కాసేపు ఉత్తగనే కూర్చున్న. నా తెగ పేరుకు ఒక అక్షరం తేడా ఉంటే నాకు నాలుగు పోగులు పడ్డయి. వాళ్ల నాయన పేరుకు ఒక అక్షరం తేడా ఉంటే వీనికి ఏ పోగూ లేదు.

సార్‌కు చెప్పిన. ఆయన ఆ 11 మంది పేర్లు రాసుకొని వార్డెన్ దగ్గరికి పోయిండు. ఐదుగురివే కాదు, పదకొండు మందివీ. పరీక్ష ఫీజు కోసం మేము క్లాస్‌లో చందా వేసుకున్నం. నేను, తమ్ముడు బస్సెక్కి వాళ్ల మండల ఆఫీసుకు రెండుసార్లు పోయి వచ్చినం. ఇది రాసే రోజుకు 11 మందిలో 6గురికి పత్రాలు వచ్చినయి. ఆ తమ్మునిది ఇంకా రాలేదు. కానీ పరీక్షలు రాసిండు, బ్యాగు విప్పిండు, నా పక్క రూమ్‌లోనే ఉంటున్నడు. ఇప్పుడు వానికి నా ఫోన్‌లో పైథాన్ చెప్తున్న.

మీ హాస్టల్‌లో, మీ ఊర్లో ఎవరైనా లిస్టు చేస్తుంటే, మీకు కంప్యూటర్ రాకపోయినా ఒక్క ప్రశ్న అడగండి: ఖాళీ గడులు ఎన్ని ఉన్నయి, వాళ్లు ఎవరు? కోడ్ నేర్చుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరికైనా నేను రాసిన ఆ పది లైన్లు కావాలంటే అడగండి, పంపిస్త. పేర్లు ఉన్న షీట్ మాత్రం ఇవ్వను.

జై ఆదివాసీ. జై జోహార్.